ఏడో వీధిలో ఫిర్యాదులు లేవు

చిట్టా 1

నెమలిగుట్ట ఏడో వీధి 'జెండా పెద్ద' హోదాలో ఈ రోజు నుంచి ఈ చిట్టా నేను రాస్తున్నాను. నా పేరు పుట్ట కొమురయ్య. సరుకుల లిఫ్టు నడిపి రిటైరయ్యాను. చదువు ఆరో తరగతి. తప్పులుంటే పై ఆఫీసు వాళ్ళు మన్నించాలి.

అసలు సంగతి ముందు రాస్తాను. మా అమ్మాయి సంపూర్ణకు సఖ్యత శాఖలో ఉద్యోగం వచ్చింది! విధాన అధికారి! వీధి విశేషాలు మాత్రమే రాయాలని మీరిచ్చిన కాగితంలో ఉంది. మా అమ్మాయికి ఉద్యోగం రావడం వీధి విశేషం కాకపోతే మరేది వీధి విశేషమో మీరే చెప్పాలి.

పుట్టిన చోటును బట్టో, మాట్లాడే యాసను బట్టో, తినే తిండిని బట్టో ఒక మనిషి ఇంకో మనిషిని అవమానించినా, చెయ్యి చేసుకున్నా దాన్ని ద్వేష నేరం అంటారట. అవి జరగకుండా సర్కారు ఏం చేయాలో నియమాలు రాసే కుర్చీ అట మా అమ్మాయిది. నాకు కుర్చీ వరకు బాగా అర్థమైంది. తోలు కుర్చీ. చక్రాలున్నాయి. నేను వెళ్ళి కూర్చుని చూశాను. "బాపు, జర లెవ్వు, సార్లు వస్తున్నరు" అని మా అమ్మాయి చెయ్యి పట్టి లేపింది. లేచాను గానీ ఆ సుఖం ఇంకా పోలేదు.

నిన్న వీధంతా కలిసి నాకు శాలువా కప్పింది. గాలి గొట్టాల మేస్త్రీ లింబాద్రి లేచి, "సఖ్యత శాఖ ఆఫీసర్ నాయిన ఉన్న వీధి మనది. కొమురన్న కంటే జెండా పెద్ద ఇంకెవడైతడు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. మా ఇంటావిడ రాజవ్వ చెంగుతో నా మొహం తుడిచి, "ఇగ సాలు, శాలువా తడుస్తది" అంది.

ఫిర్యాదులు: లేవు.

చిట్టా 2

ఈ రోజు కూడా మా వీధికి రెండు గంటల ఎండ పడింది.

ఎండ రాగానే ఎవరి పని వాళ్ళది. రాజవ్వ టమాట కుండీలను ఈడ్చుకుని వెలుగులోకి తెచ్చింది. ముసలమ్మలు మోకాళ్ళ దాకా చీర ఎత్తుకుని కాళ్ళు చాపుకున్నారు. ఒకరు వడియాలు, ఇంకొకరు పరుపు. మా వీధులన్నీ గుట్ట లోపల తొలిచినవే. బయట గుట్ట పైన పగటిపూట చెప్పు కూడా మెత్తబడే వేడి. ఆ ఎండే నెత్తిన ఉన్న పెద్ద అద్దం మీద పడి, సొరంగం గుండా చల్లారి మా వీధిలోకి దిగేసరికి పాలలా ఉంటుంది. ప్రతి వీధికీ ఒక గంట. ఫిర్యాదు ఒక్కటి కూడా లేని వీధికి ఆకుపచ్చ జెండా, ఇంకో గంట ఎండ. ఏడాది పొడుగునా జెండా దిగకపోతే రెండో గంట ఇక శాశ్వతం. మా వీధికి ఆ ఏడాది వచ్చే పున్నమికి నిండుతుంది. జెండా పండుగ చేయాలని చందాల మాట కూడా మొదలైంది.

ఎండ గంటలో అప్పలరాజుతో పులిజూదం ఆడాను. వాడి ఊరు సముద్రంలో కలిసిపోయింది. తీరం వాళ్ళు మా గుట్టకు వచ్చినప్పుడు వాడూ, భార్య నూకాలూ మా వీధి చివరింట్లో దిగారు. నన్ను మొదటి రోజే బావా అన్నాడు. ఎందుకన్నావురా అంటే, "కొత్త సోట బావ ఒకడుండాలి గదా" అన్నాడు. ఎప్పుడూ వాడే పులి, ఎప్పుడూ వాడే గెలుస్తాడు. ఈ రోజు మాత్రం నా మేకలు వాడి పులులను మూలకు తోసేశాయి.

"ఏందిరా, ఇయ్యాల నీ పులి పండ్లు ఊడినయా?" అన్నాను.

"నిద్ర నేదు బావా. ఇంట్లో ఉక్క." పులిని వేళ్ళ మధ్య తిప్పుతూ, "నీతో ఒక మాట సెప్పాల" అన్నాడు.

నేను వాడి నోట్లో లడ్డు కుక్కాను. సంపూర్ణ మొదటి జీతం లడ్డు. తర్వాత కుర్చీ సంగతి, చక్రాల సంగతి చెప్పాను. వాడు నవ్వుతూ విన్నాడు. ఎండ వెళ్ళిపోయింది. వాడి మాట ఏమిటో అడగడం మరిచాను.

ఫిర్యాదులు: లేవు.

చిట్టా 3

ఈ రోజు ఒక చిన్న గొడవ. ఫిర్యాదు కాదు. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నూకాలు ఎండ గంటలో ఎండుచేపల తట్ట పెట్టింది. లోపలికి వెళ్ళి వచ్చేసరికి తట్ట మురిక్కాలువలో ఉంది. చేపల మీద ఎవరో ఉమ్మేశారు. ఎవరో ఎవరూ చూడలేదు. వీధి నిండా జనం ఉన్నారు, అయినా ఎవరూ చూడలేదు.

అప్పలరాజు మా ఇంటికి వచ్చాడు. "బావా, ఇది మొదటిసారి కాదు. నిన్న సెప్పాలనుకున్నానా, అదే. గోడ మీద రాతలు తుడిసేసాం. నీళ్ళ కాడ మా బిందె తీసి పక్కన పెడతన్నారు. సంపూర్ణమ్మ ఆఫీసులో సెప్పుకోవచ్చు గదా?"

నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. "చెప్పుకోవచ్చురా. ఎందుకు చెప్పుకోవద్దు? కాని జర సోచాయించు. పున్నం ఎంత దూరం ఉన్నది? ఇప్పుడు ఫిర్యాదు పడితే జెండా దిగుతది. రెండో గంట పోతది. జెండా దించింది అప్పలరాజే అని అంటరు. నీకే గదరా ఇబ్బంది? పైగా నా బిడ్డ కుర్చీ ఎక్కి ఎన్ని రోజులైంది? ఆమె సొంత వీధిలనే ఫిర్యాదంటే ఆమె మొహం ఎట్లుంటది?"

వాడు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "నిజమే బావా. అమ్మాయికి మాట రాకూడదు" అని వెళ్ళిపోయాడు.

ఎంత మంచివాడు! రాజవ్వతో అన్నాను, ఇలాంటి మనుషులుంటే మన వీధికి జెండా రాక ఏమవుతుంది అని. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మా ఇంటి వడియాలు ఒక డబ్బా నింపి నూకాలుకు ఇచ్చి వచ్చింది.

ఫిర్యాదులు: లేవు.

చిట్టా 4

అన్నం దగ్గర మా అమ్మాయికీ నాకూ మాట పెరిగింది. సంతోషంగా మొదలైన మాటే.

"బాపు, మా శాఖను మూసేస్తరట" అంది సంపూర్ణ.

నా చేతిలో ముద్ద జారింది. "ఎందుకు బిడ్డా? నిన్న గాక మొన్న పోయినవు గదా!"

"ఏ వీధిల చూసినా ఫిర్యాదులు లేవట. ద్వేషం లేని గుట్టలో ద్వేషం కోసం శాఖ ఎందుకని గుట్ట సభల అడిగిన్రు. ఒక గుమస్తాను పెట్టి, మమ్మల్ని లెక్కల శాఖకు పంపుతరట."

"మరి అది మంచి మాటే గదా! ఏ గొడవా లేదంటే నీ శాఖ గెలిచినట్టు గాదా?"

మా అమ్మాయి ఎప్పుడూ గొంతు పెంచదు. చిన్నప్పటి నుంచీ అంతే. చారు గిన్నె పక్కకు జరిపి మెల్లగా చెప్పింది. "నేను నెల రోజులు అన్ని వీధులూ తిరిగిన. ఇండ్లు ఖాళీ చేసి పోయిన తీరం వాళ్ళను ఎదికి మాట్లాడిన. జెండా లేని వీధులల్ల వాళ్ళు కొట్లాడుకుంట అయినా ఉంటున్నరు బాపు. జెండా ఉన్న వీధుల నుంచే గుట్ట వదిలి పోతున్నరు. ఎందుకు పోతున్నరని అడిగితే, ఊకెనే, ఏం లేదు అంటరు."

"అంటే?"

"అంటే, ఎండ కోసం వీధి వీధంతా కలిసి ఒక్క మనిషి నోరు మూస్తున్నదని. ఆ జెండా నియమం రాసినోళ్ళు మంచికే రాసిన్రు. మంచిగుంటే ఎండ ఇస్తమన్నరు. జనం మంచిగుండుడు నేర్వలే, చెప్పకుండ ఉండుడు నేర్చిన్రు."

"అన్ని వీధులూ గట్లనే ఉంటయా? మన వీధి చూడు" అన్నాను. నా గొంతు కొంచెం పెరిగిందని ఒప్పుకుంటాను. "ఇక్కడ ఎవరు ఎవరి నోరు మూసిన్రు?"

"నేనెట్ల చెప్పాలె బాపు? జెండా పెద్దవు నువ్వు" అంది.

రాజవ్వ ఇద్దరి కంచాల్లోనూ అన్నం వడ్డించింది. వద్దన్నా వడ్డించింది. మేము తిన్నాం. మా అమ్మాయి ఎంత బాగా మాట్లాడుతుంది! తప్పుగా మాట్లాడినా సరే, వినాలనిపిస్తుంది. కాని మన వీధిని అనడం బాగాలేదు.

ఫిర్యాదులు: లేవు.

చిట్టా 5

అప్పలరాజు, నూకాలు రెండు రోజులుగా వీధిలోనే చాప వేసుకుంటున్నారు. ఇంట్లో ఊపిరాడటం లేదట. నేను జెండా పెద్ద హోదాలో లింబాద్రిని పిలిచి చూడమన్నాను. అతను లోపలికి వెళ్ళి వచ్చి, "గాలి మంచిగనే ఉన్నది కొమురన్నా. సముద్రం గాలి అలవాటైనోళ్ళు గదా, గుట్ట గాలి సరిపోతలేదు" అని నవ్వాడు. అక్కడున్న వాళ్ళు కూడా నవ్వారు. నేను కూడా.

పండుగకు చందాలు బాగా వస్తున్నాయి. లింబాద్రి అందరికంటే ఎక్కువ రాశాడు.

ఫిర్యాదులు: లేవు.

చిట్టా 6

ఈ రోజు నేను రాసేది ఓపికగా చదవాలి.

ఎండ గంట మొదలైంది. నేను కుండీలు జరుపుతున్నాను. రాజవ్వ నా పక్కన నిలబడి గాలిని వాసన చూస్తోంది.

"ఏందే?" అన్నాను.

"నూకాలు ఎండుచేపలు ఏంచుతలేదా ఈ నడుమ?"

"ఏమో. ఎందుకు?"

"ఒగ గొట్టం మీది ఇండ్లు మనవి. ఆమె పొయ్యి ముట్టిస్తే మనకు కంపు కొట్టాలె. నువ్వు తువ్వాల ముక్కుకు కట్టుకొని తిట్టాలె. ఎన్ని రోజులైంది నువ్వు తిట్టక?"

నిజమే. ఎండుచేపల కంపు నాకు అసలు పడదు. చాలా రోజులుగా ఇల్లు హాయిగా ఉందని నేను సంతోషపడ్డాను కూడా. ఎందుకు హాయిగా ఉందో ఆలోచించలేదు.

ఇద్దరం చివరింటికి వెళ్ళాం. అప్పలరాజు గడపలో కూర్చుని ఉన్నాడు. లోపల నూకాలు నేల మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. రాజవ్వ ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. ఒళ్ళంతా చెమట, పెదవులు నల్లబడ్డాయి. "తల తిరిగింది వదినా, అంతే" అంది నూకాలు.

మా గుట్టలో ప్రతి ఇంటికీ గోడకు పైన ఒక గాలి కన్ను ఉంటుంది. జల్లెడలాంటి మూత. పొగనూ వేడినీ అది లాక్కుపోతేనే కింది తూము నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. పొయ్యి పొగ ఎక్కువైతే అదే గొట్టం మీది పక్కిళ్ళ కన్నుల్లోంచి కొంత వెనక్కి కొడుతుంది. రాజవ్వ దేవుడి గూట్లోంచి ఊదుబత్తి తీసి వెలిగించి, నా చేతికిచ్చి గాలి కన్ను దగ్గర పెట్టమంది. మా ఇంట్లో అయితే పొగ అటు పరుగెత్తుతుంది. ఇక్కడ నిటారుగా నిలబడింది.

నేను స్టూలెక్కి మూత లాగాను. లోపల గోనెసంచి. తడి గోనెను మడిచి కుక్కి, పైన సున్నం కొట్టారు. సున్నం గట్టిపడి రాయి అయింది. గరిటె కాడతో పొడిచి పొడిచి ఒక మూల ఊడదీశాను. ఊడిన చోట గాలి ఈల వేసింది. నూకాలు ఒక్కసారి గుండెల నిండా ఊపిరి పీల్చింది. ఆ చప్పుడు నేను మరిచిపోలేను.

అప్పలరాజు ఆ సున్నం ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

నూకాలును దవాఖానకు పంపాం. రాజవ్వ వెంట వెళ్ళింది.

ఈ రోజు ఫిర్యాదుల గీత ఖాళీగా వదిలేస్తున్నాను.

చిట్టా 7

వీధి వాళ్ళను జెండా కింద పిలిచాను. సున్నం పట్టిన గోనె మధ్యలో పెట్టాను.

"ఇది ఎవరి పని?" అన్నాను.

లింబాద్రి దాచలేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఏదో పండుగ పని చెప్పినట్టు చెప్పాడు. "నేనే కొమురన్నా. మా బిడ్డకు సంబంధం చూస్తానికి మనుషులొచ్చినరు. కూసున్నరో లేదో ఆ కంపు. చాయ్ తాగకుండ లేచిపోయినరు. గాలి కొంచెం తగ్గిద్దామని పెట్టిన. మనిషిని సంపుదామని గాదు."

"నన్ను అడగకపోతివి?"

"మీకు శాలువా కప్పిన నాడే అందరం అనుకున్నం. మీరు అప్పుడే సంపూర్ణ ఆఫీసు చూస్తానికి పోయినరు. మీకు చెప్పి మీ సంతోషం ఎందుకు పాడుజెయ్యాలని..."

అందరం అనుకున్నాం అన్నాడు. నేను చుట్టూ చూశాను. కుండీలకు నీళ్ళు పోసే రామక్క తల దించుకుంది. మా పక్కింటి మాష్టారు చెప్పు సరిచేసుకున్నాడు. నేను తోలు కుర్చీలో కూర్చుని ఒళ్ళు మరిచిన పూట, నా వీధి ఒక ఇంటి ఊపిరి కట్టేయాలని మాట్లాడుకుంది.

మాష్టారు మెల్లగా అన్నాడు. "జరిగింది తప్పే. తీసేద్దాం. నూకాలు మందుల ఖర్చు వీధి పెట్టుకుంటది. కాని కొమురయ్య గారూ, పున్నం దాకా ఆగండి. ముసలోళ్ళ కీళ్ళు, పిల్లల ఎముకలు... ఎండ గురించి మీకు నేను చెప్పాలా?"

వెనుక నుంచి ఎవరో, "తీరపోళ్ళు ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. ఎండ మనకు ఎప్పటికీ కావాలె" అన్నారు.

నేను అప్పలరాజుతో అన్న మాటలే అవి. కొంచెం మర్యాదగా అన్నాను, అంతే తేడా.

దవాఖానకు వెళ్ళాను. నూకాలు లేచి కూర్చుంది. అప్పలరాజు మూట కట్టడం గురించి మాట్లాడుతున్నాడు. "పడమట గుట్టలో మా ఓళ్ళు ఉన్నారు బావా. ఎల్లిపోతాం. నీకు గొడవొద్దు."

"పోతే నీ ఇష్టం. కాని గొడవ నాకు కావాలెరా" అన్నాను. "నేను పోయి నా పేరు మీద ఫిర్యాదు రాయించాలనుకుంటున్న. ఊపిరాడక అల్లాడింది నువ్వూ, నీ భార్యా. మీరు వద్దంటే రాయించను."

"మరి అమ్మాయి? కుర్చీ?"

"ఆ కుర్చీ వేసింది దీనికేరా! నేనే అర్థం చేసుకోలేదు. చక్రాలు చూసి మురిసిపోయిన."

అప్పలరాజు ఇంకా తల అడ్డంగా ఊపుతున్నాడు. నూకాలు మంచం మీది నుంచి, "ఒరే, నోరుముయ్యి. ఊపిరి పోయింది నాది" అని, నా వైపు తిరిగి, "రాయించండి అన్నయ్యా" అంది.

సఖ్యత శాఖకు వెళ్ళాను. మా అమ్మాయి కుర్చీలోంచి లేచింది. నేను గోనె ముక్క బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను, అప్పలరాజును నేను ఎలా ఆపానో కూడా చెప్పాను. ఆమె బల్ల అంచు పట్టుకుని విన్నది. వినడం అయ్యాక, "బాపు, దీన్ని నేను ముట్టద్దు. సొంత మనుషుల ఫిర్యాదు వేరే వాళ్ళు తీసుకోవాలె. అది నేను రాసిన నియమమే" అని పక్క గదిలోని గుమస్తాను పిలిచింది. అతను నా ఎదుట కూర్చుని మాట మాటకూ ఆపి, రాశాడు.

నేను బయటికి వస్తుంటే మా అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. అందరి ముందూ నా శాలువా సరిచేసింది.

"ఏమనుకుంటున్నవే?" అన్నాను.

"మా బాపు అని అనుకుంటున్న" అంది.

ఇంతకంటే ఏం కావాలి నాకు! లిఫ్టు ఎక్కకుండా మెట్ల దారిన దిగాను.

ఫిర్యాదులు: ఒకటి.

చిట్టా 8

జెండా నేనే దించాను. పై ఆఫీసు వాళ్ళు వచ్చే దాకా ఆగలేదు.

రెండో గంట రాలేదు. ఎండ సొరంగంలో అలా పక్కకు తిరిగి ఎనిమిదో వీధికి వెళ్ళిపోయింది. ముసలమ్మలు కాళ్ళు చాపుకునే ఉన్నారు, వెలుగు మాత్రం లేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. పలకరించనూ లేదు. నీళ్ళ దగ్గర నా బిందె తీసి పక్కన పెట్టారు. నాకు కోపం రాలేదు. అప్పలరాజు చెప్పినప్పుడు ఇది ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

రాజవ్వ ఆ బిందెను మళ్ళీ తెచ్చి వరుసలో పెట్టింది. "నా మొగడు దించింది జెండా. మీ కొంపలు గాదు" అంది. ఎవరూ కదపలేదు ఆ తర్వాత. ఆమె చేతిలో చెంబు కూడా ఉంది మరి.

ఫిర్యాదులు: అదే ఒకటి. విచారణ నడుస్తోంది.

చిట్టా 9

గుట్ట సభకు వెళ్ళాను! జనం కూర్చునే చోట ముందు వరుసలో కూర్చున్నాను. మా అమ్మాయి మాట్లాడింది.

మా వీధి సంగతి తెలిశాక మూడో వీధి నుంచి ఒకామె వచ్చి చెప్పుకుందట. తర్వాత పదకొండో వీధి నుంచి అన్నదమ్ములు. జెండాలున్న వీధులే అన్నీ. సభలో ఒకాయన లేచి, "అమ్మా, మీ శాఖ వచ్చిన కొత్తలో ఫిర్యాదులు లేవు. ఇప్పుడు పెరిగిపోతున్నాయి. దీన్ని మీరు పని చేయడమంటారా?" అని అడిగారు. కొందరు నవ్వారు.

"ఇవి ఇప్పుడు పుట్టినవి కావండీ. ఇప్పుడు చెప్పుకున్నవి" అంది సంపూర్ణ. "చెప్పుకుంటే ఎండ పోతుందని మనమే భయపెట్టాం. ఎండను ఫిర్యాదులతో ముడిపెట్టకండి. అన్ని వీధులకూ సమానంగా పంచండి. ఫిర్యాదు వచ్చాక వీధి ఏం చేసిందో అది చూడండి, వచ్చిందా లేదా అని కాదు."

వాదనలు జరిగాయి. చాలా జరిగాయి, నాకు సగం అర్థం కాలేదు. చివరికి జెండా నియమాన్ని ఈ ఎండాకాలం వరకు ఆపి చూద్దామన్నారు. శాఖను అప్పటి దాకా మూయరు. తర్వాత మళ్ళీ మాట్లాడతారట. పూర్తి గెలుపు కాదని మా అమ్మాయి అంటోంది. ఏమైతేనేం! ఒక ఎండాకాలం! నేను లేచి చప్పట్లు కొట్టాను. సభలో చప్పట్లు కొట్టకూడదట. బంట్రోతు వచ్చి కూర్చోమన్నాడు. "ఆమె నా బిడ్డ" అన్నాను. "తెల్సు తాతా, వచ్చినప్పటి నుంచి చెప్తనే ఉన్నవు" అన్నాడు.

లింబాద్రి విచారణ కూడా తేలింది. గాలి గొట్టాల తాళం అతని దగ్గర నుంచి తీసుకున్నారు. మిగిలిన సున్నమంతా వీధి చూస్తుండగా అతనే చేత్తో గీకి తీయాలి, ఏడాది పాటు ఇంకో మేస్త్రీ కింద పని చేయాలి. అతను గీకుతుంటే నేను నిలబడి చూశాను. మధ్యలో దిగి, "నన్ను పట్టిచ్చినవు కొమురన్నా" అన్నాడు. "ఔ లింబాద్రీ" అన్నాను. అతను మళ్ళీ స్టూలెక్కాడు. నూకాలు అతని మొహం చూడలేదు. బాధ పడ్డవాళ్ళు చూసి తీరాలని నియమంలో లేదు. అది కూడా మా అమ్మాయే అలా రాసింది.

చిట్టా 10

అప్పలరాజు మూట విప్పలేదు. కట్టనూ లేదు. గుమ్మం పక్కన సగం కట్టిన మూట అలాగే ఉంది. ఉంటావా పోతావా అని నేను అడగలేదు. పులిజూదానికి వచ్చాడు, మళ్ళీ గెలిచాడు. నా మేకలన్నీ తినేశాడు.

మా వీధికి ఇప్పుడు అన్ని వీధుల్లాగే గంటంపావు ఎండ. రామక్క నాతో మాట్లాడింది. టమాట విత్తనాలు అడిగింది, అంతే. మాష్టారు ఇంకా మాట్లాడలేదు.

ఎండ వెళ్ళిపోయాక మంచం మీద నడుం వాల్చాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు గాలి కన్నులోంచి వచ్చింది. ముందు సన్నగా, తర్వాత ఇల్లంతా. నూకాలు ఎండుచేపలు వేయిస్తోంది.

అబ్బ, ఏం కంపు! అబద్ధం రాయను, నాకు ఆ కంపు ఇప్పటికీ పడదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మండింది. అలవాటుగా తువ్వాలు తీశాను, ముక్కుకు కట్టుకున్నాను, తిట్టడానికి నోరు తెరిచాను.

"ఇంకేంది, తిట్టు" అంది రాజవ్వ వంటింట్లోంచి.

తువ్వాలు విప్పేసి నిండా పీల్చాను. దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వాను. గొంతెత్తి గాలి కన్ను వైపు అరిచాను. "ఓ నూకాలూ! ఏం కంపమ్మా ఇది, మనుషుల్ని బతకనియ్యవా?"

కాసేపటికి గొట్టంలోంచి, దూరంగా, నవ్వుతూ ఆమె గొంతు వచ్చింది. "బతికే ఉన్నాం అన్నయ్యా! గిన్నెడు పట్టుకు రమ్మంటారేటి?"